మేరీలాండ్ ప్రాంగణంలో డగ్లస్ విగ్రహం – మనకొక పాఠం



ఈ సంచికకు ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యవర్గం వారు అడిగినప్పుడు నాకు సంతోషంతోపాటు భయం కూడా వేసింది. నేను ముప్పై ఏడేళ్ళు ఇక్కడి బడులలో చరిత్ర పాఠం చెప్పాను. కాని చెప్పినదంతా ఇంగ్లీషులోనే. తెలుగు అక్షరాలు నేను దిద్దుకున్నది ఉద్యోగ విరమణ అయిన తరువాత, మన హాలులో జరిగే సాయంత్రపు తరగతిలో. కనుక నా వాక్యాలు బడిపిల్లల వాక్యాల లాగా ఉంటే మన్నించండి. పెద్ద పెద్ద మాటలు నాకు రావు. వచ్చిన మాటలతోనే ఒక సంగతి చెబుతాను.

అది ఒక విగ్రహం సంగతి. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో ఉంది. ఆ విగ్రహంలోని మనిషి తెలుగువాడు కాదు, భారతీయుడు కాదు, మన దక్షిణాఫ్రికావాడూ కాదు. మన పండుగ సంచికలో ఆయన ఎందుకు అని మీరు అడగవచ్చు. మొదట నేనూ అలాగే అనుకున్నాను. ఓపికగా చివరి వరకు చదివితే సంబంధం మీకే తెలుస్తుంది.

విగ్రహం

2018లో నేను ఉద్యోగం నుండి విశ్రాంతి తీసుకున్నాను. ఆ సంవత్సరమే మా మేనకోడలిని చూడడానికి అమెరికా వెళ్ళాను. ఆమె కాపురం వాషింగ్టన్ నగరానికి దగ్గరలో. ఆమె కొడుకు కాలేజ్ పార్క్ అనే ఊళ్ళో ఉన్న మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. ఒకరోజు ఆ అబ్బాయి, "తాతా, మీరు చరిత్ర మాస్టారు కదా, మీకొకటి చూపిస్తాను రండి," అని నన్ను వాళ్ళ ప్రాంగణానికి తీసుకువెళ్ళాడు.

అక్కడ హార్న్‌బేక్ గ్రంథాలయం దగ్గర ఒక విశాలమైన ఆవరణ ఉంది. దాని ఉత్తరపు వైపున ఫ్రెడరిక్ డగ్లస్ పేరు పెట్టిన చిన్న చౌకం ఉంది. అందులో ఏడున్నర అడుగుల కంచు విగ్రహం. సభలో మాట్లాడుతూ చేయి చాచిన యువకుడి రూపం అది. మనం ఫోటోలలో చూసే డగ్లస్ నెరిసిన జుట్టు, నెరిసిన గడ్డం ఉన్న ముసలాయన. ఇక్కడ మాత్రం నల్లని జుట్టుతో, ఇరవై ఏడేళ్ళ వయసులో ఉన్నాడు. 1845లో ఆయన ఐర్లండు వెళ్ళి సభలలో మాట్లాడిన నాటి రూపాన్ని మనసులో పెట్టుకొని ఆండ్రూ ఎడ్వర్డ్స్ అనే బ్రిటిష్ శిల్పి దీనిని చేశారు. 2015 నవంబరులో ఆవిష్కరించారు. చుట్టూ డగ్లస్ మాటలు చెక్కి పెట్టారు. పిల్లలు తరగతికి పోతూ పోతూ ఆ మాటల పక్కనే నడుస్తారు.

నేను ఆ మాటలన్నీ చదువుతూ చాలాసేపు నిలబడ్డాను. చదువుతుండగా నాకొక సిగ్గు పుట్టింది. ఆ సిగ్గు ఏమిటో తరువాత చెబుతాను. ముందు ఆ మనిషి కథ చెప్పాలి.

రొట్టె ముక్కకు ఒక అక్షరం

ఫ్రెడరిక్ 1818లో మేరీలాండ్ రాష్ట్రంలోనే టాల్బట్ కౌంటీలో పుట్టాడు. పుట్టుకతోనే బానిస. తల్లి బానిస అయితే బిడ్డా బానిసే అని అక్కడి చట్టం. పుట్టిన తేదీ ఏదో ఆయనకు జీవితాంతం తెలియలేదు. తల్లి పేరు హారియెట్ బెయిలీ. ఆమెను వేరే పొలంలో పనికి పెట్టారు. పగలంతా పని చేసి, రాత్రిపూట పన్నెండు మైళ్ళు నడిచి వచ్చి, బిడ్డ పక్కన కాసేపు పడుకొని, తెల్లవారకముందే తిరిగి వెళ్ళేది. అలా వచ్చినది నాలుగైదు సార్లే. బిడ్డకు ఏడేళ్ళ వయసులో ఆమె చనిపోయింది. ఆమెకు చదవడం వచ్చునని ఆయనకు చాలాకాలం తరువాత తెలిసింది. చదువు మీద తన ప్రేమ ఆమె నుండి వచ్చినదేనని ఆయన గర్వంగా వ్రాసుకున్నారు.

ఎనిమిదేళ్ళ వయసులో అతడిని బాల్టిమోర్ పట్టణానికి, ఆల్డ్ అనే వాళ్ళ ఇంటికి పంపారు. ఆ ఇంటి ఇల్లాలు సోఫియా ఆల్డ్. ఆమె అంతకుముందు బానిసను పెట్టుకొని ఎరుగదు. పిల్లవాడి మీద జాలితో ఆమె అక్షరాలు నేర్పడం మొదలుపెట్టింది. మూడు నాలుగు అక్షరాల చిన్న మాటలు కూడబలుక్కునే దాకా వచ్చాడు. ఇంతలో భర్త చూశాడు. వెంటనే ఆపించాడు. చదువు వచ్చిన బానిస బానిసగా ఉండడు, ఇక వాడు మనకు పనికిరాడు అని భార్యను మందలించాడు.

మాస్టారుగా నేను చాలామంది పిల్లలకు చదువు ఎందుకు అవసరమో చెప్పాను. ఉద్యోగం వస్తుంది, ఇల్లు కట్టుకోవచ్చు అని చెప్పాను. కాని చదువు విలువ ఆ యజమాని చెప్పినంత స్పష్టంగా నేనెప్పుడూ చెప్పలేదు. పిల్లవాడు ఆ మాట విన్నాడు. యజమాని దేనికి భయపడుతున్నాడో అదే తనకు కావాలని నిశ్చయించుకున్నాడు.

తరువాత అతడు చదువు సంపాదించిన తీరు వినండి. బయటికి పనిమీద పంపినప్పుడు జేబులో రొట్టె పెట్టుకుని వెళ్ళేవాడు. వీధిలో పేద తెల్లపిల్లలు ఆకలితో ఉండేవారు. వాళ్ళకు రొట్టె ఇచ్చి, బదులుగా పాఠం చెప్పించుకునేవాడు. ఓడలు కట్టే చోట వడ్రంగులు చెక్కల మీద ఏ చెక్క ఓడలో ఏ పక్కకు చెందుతుందో గుర్తుగా ఒక్కొక్క అక్షరం వ్రాసేవారు. అలాంటివి నాలుగు అక్షరాలు చూసి నేర్చుకున్నాడు. ఆ నాలుగింటితో వీధిలో పిల్లలతో పందెం వేసేవాడు: "నీకంటె నేనే బాగా వ్రాస్తాను." వాళ్ళు గెలవాలని ఇంకా కొన్ని అక్షరాలు వ్రాసి చూపేవారు. అవీ ఇతనికి వచ్చేవి. గోడలు, కంచెలు, కాలిబాట ఇతని పలకలు. సుద్దముక్క ఇతని కలం. యజమాని కొడుకు బడిలో వ్రాసి పారేసిన కాపీ పుస్తకాలలో ఖాళీ జాగాలు వెతికి, ఆ అబ్బాయి వ్రాతను చూసి వ్రాసేవాడు. పన్నెండేళ్ళ వయసులో బూట్లు తుడిచి సంపాదించిన యాభై సెంట్లతో ‘కొలంబియన్ ఆరేటర్’ అనే ఉపన్యాసాల పుస్తకం కొనుక్కున్నాడు. పెద్దయ్యాక ప్రపంచమంతా విన్న ఆ వక్తృత్వానికి ఆ పుస్తకమే మొదటి గురువు.

నాకు అన్నిటికంటె నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. పదహారు పదిహేడేళ్ళ వయసులో అతడిని మళ్ళీ పల్లెకు, పొలం పనికి పంపారు. అక్కడ ఆదివారం నాడు, స్వేచ్ఛ పొందిన ఒక నల్లజాతి మనిషి ఇంట్లో, రహస్యంగా బడి పెట్టాడు. తోటి బానిసలకు అక్షరాలు నేర్పాడు. ఒక దశలో నలభై మందికి పైగా వచ్చేవారు. అందులో పెద్దవాళ్ళూ ఉన్నారు. పట్టుబడితే వీపు మీద కొరడా. అయినా వచ్చారు. డగ్లస్ రాయబారి అయ్యారు, పెద్ద పెద్ద పదవులు చేశారు. కాని నా దృష్టిలో ఆయన మొదటి ఉద్యోగం బడిపంతులు ఉద్యోగమే. జీతం లేదు, గంట లేదు, నల్లబల్ల లేదు.

నావికుడి దుస్తులు

1838 సెప్టెంబరు 3న, ఇరవై ఏళ్ళ వయసులో, ఆయన బాల్టిమోర్ నుండి పారిపోయారు. నావికుడి దుస్తులు వేసుకొని, ఒక స్వేచ్ఛాజీవి అయిన నల్లజాతి నావికుడి కాగితాలు అరువు తెచ్చుకొని రైలు ఎక్కారు. ఆ కాగితంలోని పోలికలు ఇతనివి కావు. రైలు గుమాస్తా సరిగా చూసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది. అతడు చూడలేదు. మరునాడు న్యూయార్క్ చేరారు. అన్నా మర్రీ అనే ఆమె, బాల్టిమోర్‌లో ఇళ్ళలో పని చేసుకునే స్వతంత్ర స్త్రీ, తన కూడబెట్టిన డబ్బుతో ఈ ప్రయాణానికి సహాయం చేసింది. తరువాత ఆయనను చేరుకుంది. ఇద్దరూ పెళ్ళి చేసుకొని మాసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో కాపురం పెట్టారు. బెయిలీ అనే ఇంటిపేరు మార్చుకొని డగ్లస్ అయింది అక్కడే.

1841 నుండి బానిసత్వానికి వ్యతిరేకంగా సభలలో మాట్లాడసాగారు. ఆయన భాష విని కొందరు, ఇంత బాగా మాట్లాడేవాడు ఎన్నడూ బానిస అయి ఉండడని అనుమానించారు. దానికి జవాబుగా 1845లో ఆయన తన జీవిత కథ వ్రాసి, యజమానుల పేర్లు, ఊళ్ళ పేర్లు అన్నీ ముద్రించారు. ధైర్యమే, కాని ప్రమాదం కూడా. చట్టం ప్రకారం ఆయన ఇంకా మరొకరి సొత్తు. పట్టుకుపోవచ్చు. అందుకే ఆ సంవత్సరం ఐర్లండుకూ, ఇంగ్లండుకూ వెళ్ళారు. అక్కడి మిత్రులు 150 పౌన్లు పోగుచేసి, 1846లో యజమానికి చెల్లించి, ఆయనకు చట్టబద్ధమైన స్వేచ్ఛ కొనిపెట్టారు. మనిషికి ధర కట్టడమే తప్పు అయినప్పుడు ఆ ధర ఎందుకు చెల్లించాలి అని కొందరు విమర్శించారు. ఆయన మాత్రం భార్యాపిల్లల దగ్గరకు నిర్భయంగా తిరిగి వెళ్ళగలిగారు.

1847లో రోచెస్టర్‌లో ‘నార్త్ స్టార్’ అనే పత్రిక పెట్టారు. 1848లో సెనెకా ఫాల్స్‌లో జరిగిన స్త్రీల హక్కుల సభలో ఆడవాళ్ళకు ఓటు కావాలని నిలబడి సమర్థించారు. అంతర్యుద్ధంలో నల్లజాతి సైనికులను చేర్పించారు. తన ఇద్దరు కుమారులను కూడా పంపారు. 1863లో ప్రెసిడెంటు లింకన్‌ను కలిసి ఆ సైనికులకు సమాన జీతం అడిగారు. తరువాత హైటీ దేశానికి రాయబారిగా పనిచేశారు. 1895 ఫిబ్రవరి 20న వాషింగ్టన్‌లో తన ఇంట్లో కన్ను మూశారు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

ఆ నేల ఎవరిది

ఇక విగ్రహం దగ్గరికి తిరిగి వద్దాం. డగ్లస్ విగ్రహాలు అమెరికాలో ఇంకా ఉన్నాయి. కాని కాలేజ్ పార్క్ విగ్రహానికి ఒక ప్రత్యేకత ఉంది. అది నిలబడిన నేల.

ఆ విశ్వవిద్యాలయం 1856లో మేరీలాండ్ వ్యవసాయ కళాశాల అనే పేరుతో పుట్టింది. దాని స్థాపకులలో ముఖ్యుడు చార్లెస్ బెనెడిక్ట్ కాల్వర్ట్ అనే జమీందారు. దగ్గరలో రివర్స్‌డేల్ అనే పెద్ద ఎస్టేటు ఆయనది. కళాశాలకు నేల ఆ ఎస్టేటులోనిదే. ఆయనకు బానిసలు ఉన్నారు. మిగిలిన స్థాపకులలో కూడా చాలామందికి ఉన్నారు. అంటే ఆ కళాశాలకు వచ్చిన డబ్బులో కొంత బానిసల చెమట. మేరీలాండ్‌లో బానిసత్వం పోయింది 1864 నవంబరు 1న. కాని నల్లజాతి పిల్లవాడు మొట్టమొదటిసారి ఆ ప్రాంగణంలో డిగ్రీ విద్యార్థిగా చేరినది 1951లో. పేరు హైరమ్ విటిల్. స్వేచ్ఛకూ సీటుకూ మధ్య ఎనభై ఏడు సంవత్సరాలు!

కాల్వర్ట్ బానిసలలో ఒకరి పేరు మనం గుర్తుంచుకోవాలి. ఆడమ్ ఫ్రాన్సిస్ ప్లమర్. 1819లో పుట్టాడు. డగ్లస్ కంటె ఒక్క ఏడాది చిన్న. ఇతడికీ ఎలాగో చదువు వచ్చింది. 1841లో పెళ్ళి అయినప్పటి నుండి ఒక డైరీ పెట్టుకున్నాడు. భార్య వేరే యజమాని సొత్తు, వేరే చోట ఉండేది. పిల్లల పుట్టిన రోజులు, చిన్న చిన్న లెక్కలు, కొనుక్కున్న వస్తువులు – అవన్నీ తన చేతితో వ్రాసిపెట్టాడు. 1860లో కూతురు సారాను దూరాన న్యూ ఆర్లీన్స్‌కు అమ్మేశారు. యుద్ధం అయిన తరువాత కుటుంబం వాళ్ళు ఆమెను వెతికి ఇంటికి తెచ్చుకున్నారు. ఉత్తరం వ్రాయడం, చదవడం వచ్చిన ఇల్లు కాబట్టే తెగిన ఆ దారం మళ్ళీ ముడిపడింది. ఆ డైరీ ఇప్పుడు వాషింగ్టన్‌లో మ్యూజియంలో భద్రంగా ఉంది. డగ్లస్ కథ ప్రపంచం ఎరిగినది. ప్లమర్ కథ ఒక ఇంటి కథ. రెండింటిలోనూ ఉన్నది ఒకటే: వద్దన్న అక్షరాన్ని పట్టుకొని వదలకపోవడం.

ఈ చరిత్ర అంతా ఎలా బయటికి వచ్చింది? ఆ విశ్వవిద్యాలయంలోనే ఇరా బెర్లిన్ అనే చరిత్ర ఆచార్యులు ఉండేవారు. బానిసత్వ చరిత్రలో పేరుపొందిన పండితుడు. ఆయన తన విద్యార్థుల చేతనే పాత దస్తావేజులు వెతికించి, తమ విద్యాసంస్థకూ బానిసత్వానికీ ఉన్న సంబంధం గురించి 2009లో ఒక నివేదిక తయారు చేయించారు. డగ్లస్ విగ్రహం కోసం పాటుపడినవారిలోనూ ఆయన ముందున్నారు. 2018లో, నేను వెళ్ళిన ఏడాదే, ఆయన మరణించారు. తమ ఇంటి తప్పును తామే వెతికి, తమ పిల్లల చేత చదివించడం చిన్న పని కాదు.

అయితే విగ్రహం పెట్టగానే అంతా బాగుపడిపోయిందని నేను చెప్పను. 2017 మే నెలలో, వేరొక కళాశాలకు చెందిన నల్లజాతి విద్యార్థి ఒకడు ఆ ప్రాంగణంలోనే కత్తిపోటుకు బలి అయ్యాడు. మా మేనకోడలి కొడుకు ఆ స్థలం కూడా నాకు చూపించాడు. చూపించేటప్పుడు వాడి గొంతు మారింది. కంచు మనిషి చేయి చాచి నిలబడగలడు గాని, అడ్డం పడలేడు. అడ్డం పడవలసినది ప్రాణం ఉన్నవాళ్ళే.

మన తాతలకు సంబంధం

ఇప్పుడు మన సంగతి.

బ్రిటిష్ వారు తమ వలసలలో బానిసత్వాన్ని 1834లో రద్దు చేశారు. మన కేప్ ప్రాంతంలో 1834 డిసెంబరు 1న రద్దు అయింది. కాని బానిసలను ఇంకా నాలుగేళ్ళు అదే యజమానుల దగ్గర పని చేయించి, 1838లో వదిలారు. నష్టపరిహారం అని 2 కోట్ల పౌన్లు ఇచ్చారు. ఎవరికి? యజమానులకు. బానిసకు ఒక్క పెన్నీ లేదు.

బానిసలు పోయిన చోట చెరకు నరికేది ఎవరు? ఆ ప్రశ్నకు జవాబుగా కూలీ ఒప్పందం వచ్చింది. మారిషస్, గయానా, ట్రినిడాడ్, తరువాత మన నేటాల్. 1860 నవంబరు 16న ‘ట్రూరో’ ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బన్ రేవు చేరింది. 1911 వరకు మొత్తం లక్షా యాభై రెండు వేల మంది వచ్చారు. విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు ప్రాంతాల మన తెలుగువాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. అయిదేళ్ళ ఒప్పందం. మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, తరువాత ఏటా ఒక షిల్లింగు పెంపు.

మన తాతలు బానిసలు అని నేను అనను. అలా అంటే డగ్లస్ తల్లికి అన్యాయం చేసినట్లు. మన వాళ్ళను సంతలో అమ్మలేదు. అయిదేళ్ళకు ఒప్పందం తీరేది. బిడ్డలు పుట్టుకతో మరొకరి సొత్తు కాలేదు. ఈ తేడా పెద్ద తేడా, పిల్లలకు స్పష్టంగా చెప్పాలి. కాని బారకాసులలో కాపురం, చీటీ లేకుండా తోట దాటితే జైలు, సర్దారు చేతి దెబ్బ – ఇవి మన పెద్దలు చెప్పగా విన్నాం.

ఈ సంబంధం నేను ఊహించి చెప్పడం లేదు. డగ్లస్ స్వయంగా చూశారు. 1871లో వాషింగ్టన్‌లో తాను నడిపే ‘న్యూ నేషనల్ ఎరా’ పత్రికలో ఆయన కూలీ వ్యాపారం మీద వ్రాశారు. ఓడలలో జమైకాకూ, ట్రినిడాడ్‌కూ, పెరూకూ తీసుకుపోయే కూలీల హక్కులకు, ఒకనాటి నీగ్రో బానిసల హక్కులకంటె పెద్ద రక్షణ ఏమీ లేదని హెచ్చరించారు. సరిగ్గా ఆ 1871లోనే నేటాల్ నుండి మొదటి కూలీలు తిరిగి మద్రాసు చేరి, తమకు జరిగిన అన్యాయాలను అక్కడి అధికారులకు చెప్పుకున్నారు. దాని ఫలితంగా 1872లో నేటాల్‌లో కూలీ విచారణ సంఘం వేశారు. వాషింగ్టన్‌లో ఒక మాజీ బానిస, మద్రాసు రేవులో మన తాతల తాతలు – ఒకరినొకరు ఎరుగరు. కాని ఒకే ఏడాది ఒకే మాట చెప్పారు.

డగ్లస్ చనిపోయిన 1895లో నేటాల్ ప్రభుత్వం మూడు పౌన్ల పన్ను చట్టం చేసింది. ఒప్పందం తీరినవాడు మళ్ళీ ఒప్పందంలో చేరాలి, లేదా ఇండియాకు పోవాలి, లేదా ఏటా మూడు పౌన్లు కట్టాలి. లెక్క వేయండి: మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు. నెలకు పది షిల్లింగుల కూలీకి ఆరు నెలల జీతం! 1913లో కూలీల పెద్ద సమ్మె జరిగాక, 1914లో గాని ఆ పన్ను పోలేదు.

నా సిగ్గు

మొదట ఒక సిగ్గు పుట్టిందన్నాను కదా. చెబుతాను.

మా ఇంట్లో తాతగారి కాగితం ఒకటి ఉంది. ఒప్పందం తీరినప్పుడు ఇచ్చినది. అందులో ఆయన పేరు ఇంగ్లీషులో, ఎవరో గుమాస్తా తనకు వినబడినట్లు వ్రాశాడు. కింద తాతగారి బొటనవేలి ముద్ర. విశాఖ జిల్లా నుండి వచ్చిన మనిషి. మా నాయనమ్మ చెప్పేది, ఆయనకు పద్యాలు నోటికి వచ్చేవట. కాని అక్షరం రాదు. ఎవరూ నేర్పలేదు. తోటలో నేర్పవలసిన అవసరం ఎవరికీ లేదు.

ఆ రోజు కాలేజ్ పార్క్‌లో నేను డగ్లస్ మాటలన్నీ గడగడ చదివాను. ఇంగ్లీషు నాకు బాగా వచ్చు. అప్పుడు మా మేనకోడలి కొడుకు మామూలుగా అడిగాడు: "తాతా, మా ముత్తాత పేరు తెలుగులో ఎలా వ్రాస్తారు?" నాకు రాలేదు. ముప్పై ఏడేళ్ళ మాస్టారు, మూడు తరాల తరువాత, తన తాత పేరు తాత భాషలో వ్రాయలేక నిలబడ్డాడు. తాతగారి వేలిముద్రకూ నాకూ ఆ ఒక్క విషయంలో తేడా ఏముంది?

నన్ను ఎవరూ కొట్టలేదు. చదివితే చంపుతామని ఎవరూ అనలేదు. మా చిన్నతనంలో ప్రభుత్వ బడిలో తెలుగు లేదు, నిజమే. కాని హాలులో సాయంత్రం బడి ఉండేది. మా నాన్నగారు పంపితే నేను పుస్తకాల సంచీ గోడ పక్కన దాచి ఫుట్‌బాల్‌కు పోయేవాణ్ణి. డగ్లస్ రొట్టె ఇచ్చి అక్షరం కొనుక్కున్నాడు. నేను ఊరికే వచ్చిన అక్షరాన్ని గోడ పక్కన వదిలేశాను.

ఇంకొక సిగ్గు కూడా ఉంది, దాచను. జాతి భేదం చట్టంగా ఉన్న రోజులలో నేను భారతీయులకు మాత్రమే కేటాయించిన కళాశాలలో చదివి, భారతీయ పిల్లలకు మాత్రమే పాఠం చెప్పాను. మాకు ఇచ్చిన చరిత్ర పుస్తకం ప్రకారం చెప్పాను. అందులో తెల్లవారి ప్రయాణాలు, యుద్ధాలు ఎక్కువ. కేప్ బానిసలను గురించి చాలా తక్కువ. నేను పుస్తకం దాటలేదు. 1994 తరువాత దాటడానికి ఎవరూ అడ్డు లేరు. అయినా అలవాటుగా చాలాకాలం దాటలేదు. మన ఇళ్ళలో కూడా ఆఫ్రికా సోదరుల గురించి మనం వాడిన మాటలు కొన్ని ఉన్నాయి. వాటిని ఇక్కడ వ్రాయను. అందరికీ తెలుసు. డగ్లస్ విగ్రహం ముందు అవి జ్ఞాపకం వచ్చాయి.

పెట్టడం, తీయడం

2015లోనే మన దేశంలో కూడా విగ్రహాల గొడవ జరిగింది. కేప్ టౌన్ విశ్వవిద్యాలయం నుండి ఏప్రిల్ 9న సెసిల్ రోడ్స్ విగ్రహాన్ని తీసివేశారు. డర్బన్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఐదవ జార్జి రాజు విగ్రహం మీద తెల్లరంగు పోశారు. ఏడు నెలల తరువాత మేరీలాండ్‌లో డగ్లస్ విగ్రహం నిలబెట్టారు. ఒకచోట దించడం, ఒకచోట నిలపడం.

ఇందులో ఏది మంచిదని పిల్లలు అడుగుతారు. నా జవాబు ఇది. డగ్లస్ విగ్రహం గొప్పతనం ఆ కంచులో లేదు. దానికి ముందు చేసిన పనిలో ఉంది. ముందు దస్తావేజులు వెతికారు, తమ స్థాపకులు ఎవరో ఒప్పుకున్నారు, తరువాత విగ్రహం పెట్టారు. చదవకుండా పెట్టిన విగ్రహం పావురాలకు పనికివస్తుంది.

మన పని

ఇంటికి తిరిగి వచ్చిన వారం రోజులకు నేను మన హాలులో సాయంత్రపు తరగతిలో చేరాను. నా పక్కన కూర్చున్న అమ్మాయికి తొమ్మిదేళ్ళు. మొదట్లో ఆమే నా పలక దిద్దేది. ‘ఱ’ ఎక్కడ వ్రాయాలో ఇప్పటికీ ఆమెకే బాగా తెలుసు.

ఆరు నెలలకు నేను తాతగారి కాగితం నకలు ఒకటి తీయించి, వేలిముద్ర కింద ఆయన పేరు తెలుగులో వ్రాశాను. గుమాస్తా వ్రాసినట్లు కాదు, మా నాయనమ్మ పిలిచినట్లు. వంకరగా వచ్చింది. చెరపలేదు. ఫోటో తీసి అమెరికాకు, ఆ అబ్బాయికి పంపాను. వాడు కింద తన పేరు తెలుగులో వ్రాసి తిరిగి పంపాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నాడో నేను అడగలేదు.

ఈ పండుగకు వచ్చిన తల్లిదండ్రులకు ఒక్క మనవి. మన సాయంత్రపు తరగతిలో బల్లలు ఇరవై ఉన్నాయి. క్రిందటి వారం కూర్చున్నవారు ఏడుగురు. అందులో నేనొకణ్ణి. మిగతా పదమూడు బల్లలు ఎవరి కోసమో మీకు తెలుసు. పెద్దలు కూడా రావచ్చు. డగ్లస్ రహస్యపు బడిలో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ పక్కన కూర్చున్నారు, కొరడాకు భయపడకుండా. మన దగ్గర కొరడా లేదు, తలుపు తెరిచే ఉంది, సెలవుల్లో తప్ప ప్రతి గురువారం సాయంత్రం ఆరు గంటలకు దీపం వెలుగుతుంది.

మీ ఇంట్లో కూడా ఒక పాత కాగితం ఉండే ఉంటుంది. దాని మీద ఒక వేలిముద్ర ఉండే ఉంటుంది. పండుగ అయిన తరువాత తీసి పిల్లలకు చూపించండి. దాని కింద పేరు వ్రాయడం వాళ్ళకు వచ్చేలా చూడండి.